మిగిలిన పూట

కోడలు హన్విక బ్యాగులో చివరగా మాగాయ సీసా పెట్టి, మూత మళ్ళీ బిగించాను. ఎవరి బ్యాగు సర్దినా, తిరిగి ఎప్పుడొస్తారో రెండుసార్లు అడుగుతాను.

హన్విక, నా కొడుకు విహాన్ ఇద్దరూ సముద్రపు తాబేళ్ల మీద పరిశోధన చేస్తారు. వాళ్ల వ్యాసాలు నేను కూడబలుక్కుంటూ చదువుతాను. ఇప్పుడు అవన్నీ కంప్యూటర్లోని ఏఐ యంత్రమే రాసిపెడుతుంది కనుక ఇద్దరికీ రోజూ ఒక పూట మిగులుతుంది. ఆ పూట విహాన్ రెండో వ్యాసం మొదలుపెడతాడు. హన్విక దోసెల పిండి రుబ్బుతుంది.

నెల రోజులు తీరంలో ఉండి తాబేళ్లను చూసే అవకాశం వస్తే, ఇల్లెలా అని తను వద్దనబోయింది. అలమర మీది బ్యాగు నేనే దింపాను.

"అమ్మా, మరి వంటో?" అన్నాడు విహాన్.

"నీకూ పూట మిగులుతోందిగా నాయనా! ఉప్పెంతో యంత్రాన్నే అడుగు."

హన్విక పగలబడి నవ్వింది. "వెళ్తున్నా అత్తయ్యా!"

"వెళ్ళొస్తానను," అని గుమ్మంలో ఆపి మరీ అనిపించాను.

నెల తిరగకముందే ఫోన్‌లో అరిచింది. "అత్తయ్యా! కొత్త చోట గుడ్లు పెట్టాయి! ఏ వ్యాసంలోనూ లేదు, యంత్రానికీ తెలీదు! ఇంకో నెల ఉండనా?"

"ఉండవే తల్లీ. మీ ఆయన దోసెలు ఇప్పుడిప్పుడే గుండ్రంగా వస్తున్నాయి."

1989 జూలైలో, పిన్ని పురిటికి నాలుగు రోజులు సాయం ఉండి రమ్మని నాకూ ఒక గుడ్డసంచి సర్దారు. ఆరో తరగతికి నేను మళ్ళీ రాలేదు.