దొర మాట వినడు

"ఆదివారం ఆఖరమ్మా. ఆ రోజు కూడా మీ కుక్క పిల్లి వెంట పడిందంటే సాయంత్రానికి గేటు బయట ఉండాలి. ఇంక నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి భీమేశ్వరరావు.

రసజ్ఞ చేతులెత్తి దండం పెట్టింది. ఇంకేం చేస్తుంది, పాపం!

హఫీజ్‌పేటలో ఆమెకు 'నా' అన్న ప్రాణి దొర ఒక్కడే. దొర అంటే రాజపాళయం జాతి కుక్క. తెల్లటి ఒళ్లు, నడుమెత్తు మనిషి! అవును, ఆమెకు వాడు మనిషే. నిరుడు పెళ్లి పెటాకులై, హైటెక్ సిటీలో ఆఫీసుకీ ఇంటికీ మధ్య పిచ్చిదానిలా తిరుగుతున్నప్పుడు, పొద్దున్నే దుప్పటి లాగి, బయటికి నడిపించి, మళ్లీ అన్నం తినేలా చేసింది వాడే.

వాడిని పెంచింది శంకర్‌పల్లి దగ్గరి రైతు బాలనర్సయ్య. చేలో అడవిపందులు పడకుండా కాపలా ఉండేవాడు దొర. పొలం ప్లాట్లయిపోయాక ఉంచుకునే చోటు లేక ఆమెకిచ్చాడు. "బిడ్డ లెక్క సాదుకో తల్లీ" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అలాంటి మనిషికి ఫోన్ చేసి, నీ కుక్క ఇలా చేస్తోందని ఎలా చెబుతుంది? నోరు రాలేదు.

దొర కూర్చోమంటే కూర్చుంటాడు. పడుకోమంటే పడుకుంటాడు. పిల్లి కనబడితేనే వచ్చింది చిక్కంతా. ఒళ్లు బిగబట్టి, వణికిపోతూ నిలబడతాడు. ఆ తర్వాత పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

రెండు నెలల కిందటే మదీనాగూడ నుంచి అజయ్ అనే శిక్షకుణ్ణి పిలిపించింది.

"పిల్లి కనవడంగనే వాడు మీ మొహం దిక్కు తిరగాలె మేడమ్. తిరిగిండంటే చికెన్ ముక్క పెట్టాలె. దానికి ఒక్కటే మాట పెట్టుకోండి. ఇంగ్లిష్ ఎందుకు, మీ నోటికి అలవాటైన మాటే పెట్టుండ్రి" అన్నాడు అజయ్.

ఆమె పెట్టుకుంది. "చూడు."

ముద్దుగా చెప్పింది, చూడు. గద్దించి చెప్పింది, చూడు. బతిమాలింది, చూడు నాన్నా. ఆమె గొంతు పెంచినకొద్దీ వాడు వేగం పెంచాడు. తగ్గాల్సిన రోగం ముదిరింది. తాడు కోసుకుపోయి అరచేతులు పుండ్లయ్యాయి. ఆ చేతులతోనే ఆఫీసులో కీబోర్డు కొట్టేది.

గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్య మంచికే కేకేసేవాడు. "చూస్కోండి మేడమ్, పిల్లి!" ఆ కేక ఆమె చెవిన పడేసరికే దొర కారు కింద దూరి ఉండేవాడు.

ఒకసారి పిల్లి వైపు తిరగనివ్వకుండా మెడ చుట్టూ చేతులేసి "చూడకురా, చూడకు" అని చెవిలో గొణిగింది. ఆమెను ఈడ్చుకుంటూ పోయాడు.

"కుక్క తోక వంకరని ఊరికే అన్నారా!" అన్నారు బాల్కనీలోంచి భీమేశ్వరరావు.

"ఈ జాతే గింత మేడమ్. మొండిది. వేట దాని నెత్తురులనే ఉంది" అని అజయ్ కూడా చేతులెత్తేశాడు.

మధ్యలో జలుబు చేసి ఆమెకు గొంతు పోయింది. గొంతు లేనన్నాళ్లూ దొర బుద్ధిగా నడిచాడు. పిల్లి ఎదురైనా వణికాడే కానీ కదల్లేదు. నా ఒంట్లో బాగాలేదని జాలిపడ్డాడు, నా బంగారం, అనుకుని ఆమె ఏడ్చింది. గొంతు వచ్చింది. మళ్లీ మామూలే.

ఆదివారం రానే వచ్చింది.

లాన్ చుట్టూ జనం మూగారు. మెట్ల కింద నుంచి పిల్లి వచ్చింది. దొర చెవులు నిక్కాయి. ఒళ్లు బిగుసుకుంది. కానీ కదల్లేదు. మెల్లగా తల తిప్పి, తనంతట తానే రసజ్ఞ మొహంలోకి చూశాడు.

అమ్మయ్య! చివరిసారి చూసిపోదామని వచ్చిన అజయ్ బొటనవేలెత్తాడు. భీమేశ్వరరావు కూడా "ఓహో" అన్నారు. ఆమె కళ్లు నీళ్లతో నిండిపోయాయి. గెలిచాం అనుకుంది. వాడి చూపు మళ్లీ పిల్లి మీదికి పోకూడదని, ఆత్రంగా అంది.

"చూడు!"

దొర ఎగిరాడు. తాడు చేతిలోంచి జారిపోయింది. పిల్లలు కెవ్వుమన్నారు. అడ్డం వచ్చిన ముసలావిడ వెల్లకిలా పడింది. పిల్లి చెట్టెక్కి బతికింది కానీ, ఇంక దొర పని అయిపోయింది.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. లొంగని కుక్కల్ని జీవితాంతం గొలుసులేసి ఉంచే షెడ్డుకు తీసుకుపోయే వ్యాన్. అంతకంటే మంచి చోట వాణ్ణి ఉంచుకోడానికి ఎవరూ ఒప్పుకోలేదు. బోను చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఆమె వాడి మెడ నిమిరింది.

"ఒక్కసారి చూడరా నా వంక. ఒక్కసారి!"

వాడు చటుక్కున అటు తిరిగి, అవతలి చువ్వలకు తల బాదుకున్నాడు. నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు వీడికి, అనుకుంది. వ్యాన్ మలుపు తిరిగిపోయింది.

ఇంక దాచి లాభం లేదు. బాలనర్సయ్యకు ఫోన్ చేసింది.

"నన్ను క్షమించండి. దొరని పంపించేశాను. ఎంత ఏడ్చినా, ఎంత మొత్తుకున్నా ఒక్క మాట వినలేదండీ."

బాలనర్సయ్య మధ్యలోనే అడ్డుపడ్డాడు.

"మాట వినకపోవుడేంది తల్లీ, పందుల మీదికి ఉసిగొల్పెతందుకు నేను 'చూ' అని ఒక్క అక్షరం అంటే, అది నోట్లకెల్లి బయటపడకముందే ఉరుకుతుండె గద మా దొర!"