మళ్ళీ ఒకసారి చెప్పమ్మా

“మళ్ళీ ఒకసారి చెప్పమ్మా.”

ఎదురు కుర్చీలోని పెద్దాయన అలా అడగడం ఆమెకు అలవాటైపోయింది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల ఆమెది. మధ్యాహ్నం కాగానే ఆయన వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

“వ్యవస్థ అంటే భాగాల కుప్ప కాదండీ. వాటి మధ్య ఉన్న సంబంధం. ఒకటి కదిలితే మిగతావన్నీ కదులుతాయి. ఆ కదలిక తిరిగి వచ్చి మొదటిదాన్నే తాకుతుంది.”

“నిన్న కూడా ఇదే చెప్పావా?”

“మొన్న కూడా.”

“అయితే నేను మొద్దునే,” అని ఆయన నవ్వాడు.

పక్క బల్ల నుంచి స్నేహితురాలు గొణిగింది. “పరీక్ష నీకా, నీ శిష్యుడికా?”

ఆమె ఇక్కడికి వచ్చింది వ్యవస్థా సిద్ధాంతం చదవడానికి. నిజానికి, ఒక్క మనిషి దగ్గర చదవడానికి. బల్ల మీద నలిగిపోయిన పుస్తకం ఆ ఆచార్యుడిదే. ఆమె చేరేసరికి ఆయన పదవీ విరమణ చేశాడు. ఎవరినీ కలవడం లేదన్నారు.

ముఖమైనా చూడని ఆ మనిషి ఎదుట ఒక్క గంట కూర్చోవాలన్న కోరిక మాత్రం ఆమెను వదలలేదు. ఆ పుస్తకం తెరిస్తే చాలు, పక్క గదిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టూ, తనకు తలుపు దొరకనట్టూ ఉండేది.

“ఒక భాగం పోతే?” పెద్దాయన అడిగాడు.

“మిగతావి సర్దుకుంటాయి.”

“సర్దుకున్నాక అది పాతదేనా, కొత్తదా?”

ఆమె కలం ఆగింది.

“అది పుస్తకంలో లేదండీ. రాసినాయన్నే అడగాలి. ఆయనేమో దొరకడు.”

“నేనూ ఆయన కోసమే చూస్తున్నాను తల్లీ.”

“అయితే ఇద్దరం కలిసే వెతుకుదాం లెండి,” అని ఆమె పేజీ తిప్పింది.

పరీక్ష ముందురోజు ఆమె మనసు మనసులో లేదు. పెద్దాయన మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

“వ్యవస్థ అంటే ఏమిటమ్మా?”

“తాతగారూ, ఇది మీ తలకెక్కదు. నన్ను చదువుకోనివ్వండి.”

ఆయన కొంచెంసేపు ఆ పేజీ వైపే చూశాడు.

“నాకూ అలాగే అనిపిస్తోంది,” అని మెల్లగా లేచి వెళ్ళిపోయాడు.

పరీక్ష బాగా రాసింది. ఆయనకు విసుక్కుంటూ చెప్పిన మాటలే కలంలోంచి వరసగా దిగాయి. ఆ సంగతి చెప్పాలని రోజూ ఎదురుచూసింది. తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తింది.

“శిష్యుడికి సెలవులిచ్చావా ఏమిటే?” అంది స్నేహితురాలు.

ఆమెకు నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం నడివయసు స్త్రీ ఒకామె వచ్చి, ఆ ఖాళీ కుర్చీ కింద వంగి చూసింది.

“ఏం వెతుకుతున్నారండీ?”

“నాన్న కళ్ళజోడు. ఇంట్లో ఎక్కడా లేదు. రోజూ ఇక్కడే కూర్చునేవారు.”

“ఆయన కూతురా మీరు! ఒక్కసారి రమ్మనండి. ఆ రోజు కోప్పడ్డాను, క్షమించమని అడగాలి.”

“రాలేరమ్మా. ఇప్పుడు నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. మొన్నమొన్నటిదాకా ‘అక్కడో టీచరమ్మ ఉంది, ఎంత ఓపికో’ అనేవారు.”

ఆమె తల వంచుకుంది.

“ఈ వయసులో ఆయనకు ఈ చదువు మీద అంత పట్టుదల ఎందుకండీ?”

కూతురు బల్ల మీది పుస్తకం వైపు చూసింది.

“తను రాసిన పుస్తకం తనకే అర్థం కాకుండా పోతోందని, ఎవరైనా మళ్ళీ నేర్పుతారేమోనని వచ్చేవారమ్మా.”