ఆఫీసు ప్లాను, అసలు ప్లాను

"నా పోర్టికో ఏదమ్మా?"

మిర్యాలగూడ బస్టాండు ఎదురుగా, మొదటి అంతస్తు గదిలో ఇళ్ల ప్లాన్లు గీసుకుంటున్న కరుణ తల ఎత్తింది. గుమ్మంలో భాస్కర్. చెప్పులు కూడా విప్పలేదు.

"కూసోండి సార్. ఏమైంది?"

"ఏం కావాలె ఇంక? రెండు నెలలు కోతలు, మిల్లు అని తిరిగి ఇయ్యాల పోయి చూస్తె స్లాబు పోసి ఉన్నది. పోర్టికో లేదు, బయటి మెట్లు లేవు. సందు సందు లెక్కనే ఉన్నది. యాదయ్య మేస్త్రీని అడిగితె, కాగితంల ఉన్నదే కట్టిన పటేలా అంటడు. గిదిగో నువ్విచ్చిన కాగితం."

చుట్ట చుట్టిన ప్లాను టేబుల్ మీద పడింది.

ఆ ఊళ్లో ఇల్లు కట్టేవాడికి రెండు ప్లాన్లు ఉండటం వింతేమీ కాదు. ఆఫీసు ప్లానులో చుట్టూ ఖాళీ జాగా వదిలి, రూల్సుకు దండం పెట్టి మంజూరు తెచ్చుకుంటారు. అసలు ప్లాను ప్రకారం ఇల్లు కడతారు. భాస్కర్‌వి రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి. ఆఫీసుది ఆకుపచ్చ గీతల్లో, అసలుది ఎర్ర గీతల్లో. ఎర్ర గీతలు ప్లాటు హద్దు దాటి పక్క సందును మొత్తం మింగేస్తాయి. ఆ సందు చివర ఒకటే ఇల్లు, ఎవరో ముసలి హమాలీది. "గాయన కాలువ కట్ట మీంచి తిరిగిపోతడు తియ్" అని ప్లాను గీయించిన రోజే తేల్చేశాడు భాస్కర్. ఆయన పేరేంటి సార్ అని కరుణ అడిగితే, పేరుతోని నీకేం పని అన్నాడు.

కాగితం మీద ఇప్పుడు ఒక్క ఎర్ర గీత లేదు. కరుణ ఫైలు తెరిచింది. తెర మీద మాత్రం పోర్టికో, మెట్లు, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఈడ ఉన్నయి కద సార్. మీరే చూసి బాగున్నదన్నరు."

"తెర మీద ఉంటె నా కారు తెర మీద పెట్టుకోవాల్నా?"

"సాఫ్ట్‌వేర్ సార్. ఒక్కోసారి గిట్లనే పరేషాన్ చేస్తది."

కంప్యూటర్ మీట ఎక్కడుంటుందో కూడా భాస్కర్‌కు తెలియదు. అయితే తెలియదని ఒప్పుకునే వంశం కాదాయనది. కోదాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కొడుకు రాకేష్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద ఉంచి, ఎర్ర గీతలు కాగితం మీద పడట్లేదని చెప్పాడు.

"బంద్ చేసి మళ్ల ఆన్ చెయ్యమను నాయినా" అన్నాడు రాకేష్.

చేసింది. ప్రింటు తీసింది. పోర్టికో రాలేదు.

"కాగితం చిన్నగున్నదేమో. అంచులు కోసుకపోతయి."

పెద్ద కాగితం పెట్టింది. చుట్టూ తెల్ల జాగా ఎక్కువ వచ్చింది గానీ పోర్టికో రాలేదు.

"ప్రింటర్ల ఎర్ర రంగు ఖతమైందేమో."

కరుణ ఒక ఎర్రటి సున్నా గీసి ప్రింటు తీసింది. మిరపపండులా ఎర్రగా వచ్చింది. దాన్ని మర్యాదగా భాస్కర్ చేతికిచ్చింది.

"ఎర్ర గీతల లేయర్ సూడు నాయినా."

"లేయర్ అంటె?"

"అద్దం మీద అద్దం పెట్టినట్టు. ఒక్కో అద్దం మీద ఒక్కో ప్లాన్. దాని పేరు పక్కన బల్బు బొమ్మ, ప్రింటర్ బొమ్మ ఉంటయి."

భాస్కర్ కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. "బల్బు ఎలుగుతున్నది. ప్రింటర్ మీద అడ్డగీత ఉన్నది."

"గదే. గట్లుంటె తెర మీద కనబడతది, కాగితం మీద పడది. దొరికింది పో."

"అంటె సాఫ్ట్‌వేర్ ఖరాబైందా?"

"కాలేదు నాయినా. ఆ గీత దానంతట అది పడది. ఎవరన్న నొక్కాలె. నాకు క్లాసున్నది, పెడుతున్న."

ఫోన్ ఆగిపోయింది. భాస్కర్ నెమ్మదిగా కరుణ వైపు తిరిగాడు.

"నువ్వే నొక్కినవా?"

కరుణ అవునన్నట్టు తల ఊపింది.

"నీ మీద కేసు పెడత."

"పెట్టండి సార్. ఏమని రాస్తరు? మంజూరైన ప్లాన్ ప్రకారమే ఇల్లు కట్టించిందనా?"

భాస్కర్‌కు పుండు మీద కారంలా ఇంకోటి గుర్తొచ్చింది. మున్సిపల్ ఆఫీసాయన నిన్ననే సైటుకు వచ్చి, ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు చూసి చానేండ్లయిందని మురిసి, నలుదిక్కులా ఫొటోలు తీసుకుని పోయాడట. ఇక ఒక్క ఇటుక బయటికి జరిపినా దొరికిపోతాడు.

"నేను నీకేం అన్యాలం చేసిన?" భాస్కర్ గొంతు దిగింది. "నా సందుతోని నీకేం పని?"

సందు అప్పటికే ఆయనదైపోయినట్టు అడిగాడు. కరుణ జవాబు చెప్పేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భుజాన తువ్వాల, చేతిలో స్టీలు టిఫినుతో ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. భూమిపూజ నాడు దూరంగా నిలబడి చూసిన మనిషి. భాస్కర్ గుర్తుపట్టాడు. పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు.

ముసలాయన భాస్కర్‌కు దండం పెట్టి, టిఫిను కరుణ ముందుంచి మూత తీశాడు.

"సల్లారకముందే తిను బిడ్డా. మన సందు ఉండబట్టి జల్ది వచ్చిన. కట్ట మీంచి తిరిగొస్తె సద్దన్నమైతుండె."