పచ్చగీత

"శ్రుతి తగ్గింది. మళ్ళీ వాయించు," అన్నాడు నాన్న.

ఇది తొమ్మిదోసారి. రేపే బ్యాండు సెలక్షన్. ట్రంపెట్ ఊది ఊది నా పెదాలు వాచిపోయాయి. ఫోన్లో శ్రుతి చూపే యాప్ మాత్రం ప్రతిసారీ పచ్చగీతే చూపిస్తోంది. ఫోన్ నాన్న ముఖం ముందు పెట్టాను.

"చూడు, సరిగ్గానే ఉంది!"

"ముప్పైయేళ్లు బ్యాండు నడిపినవాణ్ణి. నాకు చెవులున్నాయి. దానికున్నాయా?"

ఒళ్లు మండింది. ఈసారి వాయించింది రికార్డు చేసి, ఫోన్ నాన్న చెవికి ఆనించాను.

"అయితే నువ్వే విను."

నాన్న కళ్లు మూసుకుని, మోకాలిమీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా తగ్గుతూనే ఉంది."

ఫోన్ వెనక్కి తీసుకుని చూశాను. నేనింకా ప్లే నొక్కనేలేదు.

"సరే నాన్నా, మళ్ళీ వాయిస్తాను," అన్నాను, ఆయన చెవి దగ్గరికి వంగి, కాస్త గట్టిగా.