తల్లి కాపలా

మద్దిలేటి పడవను కొట్టేయడం వీరబాబుకు చిటికెలో పని అయింది. దాని మీది స్టిక్కర్లు పీకడానికే తలప్రాణం తోకకొచ్చింది.

చెరువు గట్టు మీది మోటారు షెడ్డులో తలుపులు మూసుకుని చెమటలు కక్కుతున్నాడు. ఒక చేతిలో పెళ్లాం హెయిర్ డ్రయ్యర్, ఇంకో చేతిలో పాత ఏటీఎం కార్డు. కత్తితో గీకితే ఫైబర్ మీద గీతలు పడతాయని ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. వేడి చేసి అంచున గీరితే స్టిక్కరు పేలికలుగా ఊడుతోంది, జిగురు మాత్రం ఉండిపోతోంది. దానికి కొబ్బరినూనె.

"ఒరే వీరబాబూ, మన ఆంధ్రోళ్ల క్యాంపులో తగువులు తీర్చే పెద్దమనిషివి కదరా! ఈ సంగతి బయటపడితే రేపు నీ తగువెవడు తీరుస్తాడ్రా?" అని తనను తానే తిట్టుకున్నాడు.

చెరువులో చేపలకు మేత చల్లడానికి పడవ కావాలి. అమ్మమని అడిగితే, నదిలో పడవ నడుపుకునే మద్దిలేటి నవ్వాడు.

"అమ్మను సార్. దానికి తాళం గిట్ల ఏం లేదు, ఉలిగెమ్మ తల్లే కాపలా. మంగళారం నేను గుడికి పోత. నది ఒడ్డుల నరపురుగుండదు. అయినా ఎవ్వడన్న ముట్టిండా?"

ఆ మాట వీరబాబుకు ఎక్కడో తగిలింది. వచ్చిన మంగళవారం పట్టపగలే ట్రాక్టరు తోలుకుపోయి, పడవను ట్రాలీలో వేసి, పైన వరిగడ్డి కప్పి పోతనాళ ఊరి మీదుగా దర్జాగా తెచ్చేశాడు. దారిలో ఇద్దరు నమస్కారం కూడా పెట్టారు.

చివరికి మద్దిలేటి పేరు ఊడింది. వీరబాబు వెనక్కి జరిగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. రాయచూరు ఎండకు పడవంతా వెలిసిపోయింది. స్టిక్కరు కింద మాత్రం అసలు నీలం రంగు అలాగే ఉండిపోయింది. పేరు పీకితే పేరు ఇంకా బాగా కనిపిస్తోంది!

"భలే తుడిచావురా, ఫోన్ నంబరు కూడా చదువుకోవచ్చు" అని గొణుక్కుంటూ కారు పాలిష్ తెచ్చి, రెక్కలు పడిపోయేదాకా రుద్దాడు. మద్దిలేటి అన్న ముక్క కనిపించకుండా పోయింది. పేలికలన్నీ పొయ్యిలో వేశాడు.

"ఏవండీ, ఏంటా కంపు? నా డ్రయ్యర్ ఏదండీ?" అని ఇంట్లోంచి మాధవీలత కేకేసింది.

"మోటారు తడిసిందే, ఆరబెడుతున్నా" అన్నాడు.

ఇక పడవ ముక్కు దగ్గరి స్టిక్కరు ఒక్కటే మిగిలింది. పులి మీద కూర్చున్న ఉలిగెమ్మ తల్లి, మూరెడు వెడల్పున. డ్రయ్యర్ పెట్టబోయి వెనక్కి తీశాడు. చెప్పులు విడిచి, లెంపలు వేసుకున్నాడు. పడవ దొంగిలించేటప్పుడు లేని భక్తి స్టిక్కరు దగ్గర ముంచుకొచ్చిందేమిట్రా అని నవ్వుకున్నాడు గానీ, తల్లిని మాత్రం ముట్టుకోలేదు.

వారం గడిచినా మద్దిలేటి ఫిర్యాదు చేయలేదు. పైగా చేపపిల్లలు కావాలంటూ తనే చెరువు దగ్గరికి వచ్చాడు. పడవను చూస్తూ నిలబడ్డాడు. వీరబాబు గబగబా వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"మంచిగుంది సార్ పడవ. నాది పోయింది."

"అయ్యో! స్టేషన్‌లో చెప్పావా?"

"ఎందుకు సార్ లొల్లి? తల్లి ఇచ్చింది, తల్లే తీస్కపోయింది. మీరు మాత్రం గీ తల్లి జోలికి పోకుండ్రి. ముట్టినోడు బాగుపడలే."

అతను వెళ్లాక వీరబాబు పడీపడీ నవ్వాడు. సొంత పడవనే గుర్తుపట్టలేని అమాయకుడికా తను ఇంత భయపడింది!

మర్నాడు ఎస్సై రామలింగయ్య జీపులో దిగాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, పంచనామాకు సాక్షిగా మద్దిలేటి.

"మూడేళ్ల కింద వరదల్లో సర్కారు పడవలు రెండు మాయమైనాయప్పా. ఒకటి నీ చెరువులో ఉందని ఎవరో ఫోన్ చేశారు."

వీరబాబు ప్రాణం కుదుటపడింది. తను కొట్టేసింది మద్దిలేటి పడవ, సర్కారుది కాదు. "బాగా చూసుకోండి సార్" అన్నాడు ధీమాగా.

పడవంతా అద్దంలా ఉంది. ఎస్సై చూపు ఉలిగెమ్మ దగ్గర ఆగింది. కానిస్టేబుళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేను తీస్త సార్" అన్నాడు మద్దిలేటి. కర్పూరం వెలిగించి దండం పెట్టాడు. "ఇంట్ల డ్రయ్యర్ ఉందా అమ్మా?"

మాధవీలత పరుగున తెచ్చిచ్చింది. మద్దిలేటి చేతిలో తల్లి ఎక్కడా చిరగకుండా, ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద ముదురు నీలం మీద తెల్లటి కన్నడ అక్షరాలు నిగనిగలాడుతున్నాయి: కర్ణాటక ప్రభుత్వం, వరద రక్షణ పడవ.

"ఇది నీకెక్కడిదప్పా?" అన్నాడు ఎస్సై.

మద్దిలేటిదని చెప్పబోయి వీరబాబు నోరు మూసుకున్నాడు. అయితే నీ దగ్గరికెలా వచ్చిందంటారు. పోనీ దొంగతనం ఒప్పుకున్నా, అది మద్దిలేటిదని సాక్ష్యమేదీ? ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ పీకి పొయ్యిలో వేసి, మిగిలిన మరకను రెక్కలు పడిపోయేలా రుద్దింది తనే. శభాష్ రా వీరబాబూ, నీ అంత శుభ్రమైన దొంగ జిల్లాలో లేడు.

"రెండో పడవ ఎక్కడ దాచావో స్టేషన్‌లో చెబుదువుగాని, ఎక్కు."

క్యాంపంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. వీరబాబు తలొంచుకుని జీపెక్కాడు. మద్దిలేటి ఉలిగెమ్మను కళ్లకద్దుకుని, మడత పడకుండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. జీపు దగ్గరికి వచ్చి, అతని చెవిలో మెల్లగా అన్నాడు.

"తల్లిని నేను తీస్కపోత సార్, మా దొడ్ల ఉన్న రెండోదానికి కావాలె."