ఇజాజత్ లేని బాట

దేవరకొండ సడక్ పక్క కాలువ మళ్ళీ పూడింది. అదే గుడిసె ముందు, సరిగ్గా బండి పట్టేంత మేర, రాళ్ళూ మట్టీ నిండుగా. నిన్ననే దాన్ని తవ్వించింది సడక్ మేస్త్రీ గాలయ్యే.

ఇన్నేళ్ళలో ఏ ఓవర్సీయరు చేతా అతను మాట పడలేదు. ఈ లియాఖత్ అలీ మొన్ననే హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చాడు. సైకిల్ దిగుతూనే మండిపడ్డాడు.

“ఇది నిజాం సర్కారు సడక్! సొంత బాట కలపాలంటే దఫ్తర్ల దరఖాస్తు పెట్టి ఇజాజత్ తీస్కోవాలె. కింద తూము వెయ్యాలె. గిట్ల కాలువ పూడిస్తే వాన నీళ్ళన్నీ సడక్ మీదికొస్తయ్. ఎవని పని గాలయ్యా? వాడు దొరకకుంటే నీ నౌకరీ పోతది.”

గాలయ్య పార అందుకున్నాడు. కూలీలు మాత్రం తలెత్తకుండా కంకర కొడుతున్నారు. వాళ్ళలో అంత శ్రద్ధ అతనెన్నడూ చూడలేదు.

గుడిసెలోంచి సైదమ్మ బయటికొచ్చింది.

“కానుపుకొచ్చిన మా బిడ్డకు నెలలు నిండినయ్ సాబ్. నొప్పులొస్తే బండిల దవాఖానకు తీస్కపోవాలె. కాలువ అడ్డముంటే బండి సడక్ ఎట్ల ఎక్కుతది? మీ ఇజాజత్ వచ్చేసరికి పుట్టే పిల్లగాడు బడికి పోతడు.”

“ఎవరు పూడ్చిన్రమ్మా?”

“మా ఇంటాయన.”

గాలయ్య చేతిలోని పార జారింది.

“పేరు?”

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు ఏ ఇల్లాలు పలుకుతుంది? ఓవర్సీయరుకూ ఆ సంగతి తెలుసు. నవ్వాపుకుని ఇటు తిరిగాడు.

“నువ్వు చెప్పు గాలయ్యా. ఈమె మొగుని పేరేంది?”

గాలయ్య వంగి పార తీసుకున్నాడు.

“మ... మల్లప్ప, సాబ్. తెల్లారంగనే బొంబాయి బయలెల్లిండు, కూలికి.”

“ఇంట్ల నిండు చూలాలిని పెట్టుకొని పోయిండా? ఎంత నాలాయక్!”

“నాలాయకే, సాబ్.”

“అచ్చం గంతే, సాబ్,” అంది సైదమ్మ కొంగు చాటునుంచి.

ఓవర్సీయరు గుడిసె వైపు చూశాడు. లోపల ఎవరో మూలిగారు. అతని కోపం దిగిపోయింది.

“సరే, కానుపయ్యేదాకా బాట ఉండనీ. దఫ్తర్ల నేను చెప్త. మల్లప్ప రాంగనే తూము వేయించు, దరఖాస్తు పెట్టియ్యి. అప్పటిదాకా ఈ ఇంటిని జర కనిపెట్టుకొని ఉండు.”

“ఉంట, సాబ్,” అన్నాడు గాలయ్య. ఆ పూట అతను ఆడిన నిజం అదొక్కటే.

సైకిల్ వెళ్ళిపోయింది. గాలయ్య మిగిలిన పని ముగించాడు.

పొద్దుగూకాక పార భుజాన వేసుకుని, తల వంచి గుడిసెలోకి వస్తున్న గాలయ్యకు కాళ్ళకు నీళ్ళందిస్తూ సైదమ్మ అడిగింది: “బొంబాయి నుంచి ఎప్పుడొస్తివి, మల్లప్పా?”