బాబాయి పంపిన మెసేజ్

ఆ ఒక్క మెసేజ్ తయారు చెయ్యటానికి బాబిన్‌గాడికి మూడు రోజులు పట్టింది.

బాబిన్ అంటే వాడి అసలు పేరు కాదులెండి. పనిచేసేది కుట్టుమిషన్ల రిపేరు షాపులో. మనిషి పొట్టి. ఒక్కచోట నిలవడు, మిషన్లో దారం చుట్టే బాబిన్‌లా గిర్రున తిరుగుతుంటాడు. అందుకని అందరూ అలా పిలుస్తారు. షాపు వాడి బాబాయిది. ఆయన పోయి పదహారేళ్లయింది. అప్పట్నించీ పిన్నే నడుపుతోంది.

ఇప్పుడు పిన్ని ఆ షాపుని తన కూతురి పేర రాసేస్తానంది. సోమవారం కాగితాల మీద సంతకాలు. అక్కడ మండింది బాబిన్‌కి. ఇన్నేళ్లూ నూనెలో మునిగింది నా చేతులు, షాపు మాత్రం సూదిలోకి దారం ఎక్కించటం రాని పిల్లకా?

అందుకని, బాబాయే పదహారేళ్ల కిందట షాపు నీకే అని మెసేజ్ పంపినట్టు ఒకటి పుట్టించాడు. ఎంత జాగ్రత్తపడ్డాడంటే, పాతసామాన్ల కొట్లో అప్పటి బటన్ల ఫోను వెతికి తెచ్చాడు. మెసేజ్ పంపటానికి వాడిన ఇంకో నంబరుకి బాబాయి అని పేరు పెట్టాడు. తేదీ వెనక్కి తిప్పాడు. అప్పట్లో జనం రాసుకున్న పొట్టి మాటలన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. గ్రేట్ అనటానికి జీ, ఆర్, ఎనిమిది అంకె. టుడే అనటానికి ముందు రెండు అంకె. ఫొటో తీసుకుని, ఫోనుని నీళ్ల బకెట్లో పడేశాడు. ఇంకెవరూ దాన్ని తెరిచి చూడకూడదుగా మరి.

ఆదివారం పొద్దున్నే పెద్దత్త వచ్చింది. పోయినాయన అక్కగారు. ఆ ఇంట్లో ఆవిడ మాటే ఆఖరు మాట. తలలు ఊడదీసిన మిషన్ల మధ్య, షాపులో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంది.

బాబిన్ ఫొటో కాగితం ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"అటక సర్దుతుంటే నా పాత ఫోను దొరికిందత్తా. ఛార్జింగు పెడితే వెలిగింది. ఫొటో తీశానో లేదో, టపీమని పోయింది."

"నీ దగ్గర పనిచేసిన వస్తువు కదా. పని మధ్యలో పోవటం నేర్చుకుంది" అంది పిన్ని.

"నవ్వు పిన్నీ, నవ్వు. ఆస్పత్రిలో బాబాయే నాతో అన్నాడు, నీ ఫోనుకి మెసేజ్ పెట్టాన్రా, చూసుకో అని. అప్పుడు నాకు కనబడలేదు. వందల మెసేజ్‌ల కింద ఉండిపోయింది."

పెద్దత్త కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుంది. "మా తమ్ముడి రాతే ఇది. మాటలన్నీ ఎలకలు కొరికినట్టు రాసేవాడు వాడు." పిన్ని వైపు తిరిగింది. "ఏమ్మా, ఏమంటావు? వాడి మాట ఇదే అయితే షాపు వీడిదే. నీ కూతురైనా, నా కూతురైనా అంతే."

పిన్ని మొహంలో రంగు పోయింది. ఉన్నదంతా ఆ షాపే. కళ్లజోడు తుడుచుకుని, కాగితం తీసుకుంది. ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. అప్పుడు ఊపిరి తీసుకుంది.

"వదినా, ఇక్కడ చూడు. ఎన్, జీ, ఎల్."

"అంటే?"

"అబద్ధం చెప్పను అనట. నా కూతురు రోజుకి పదిసార్లు కొడుతుంది. ఏంటే ఇది అంటే చెప్పింది. మొన్నమొన్న పిల్లలు పట్టుకున్న మాట. మీ తమ్ముడున్న రోజుల్లో ఇక్కడ ఎవరెరుగుదురు? ఇక ఈ ఎనిమిది అంకె గ్రేట్ ఉంది చూశావూ, అది నేను పెడితే నా కూతురు పడీపడీ నవ్వుతుంది, ముసలాళ్ల మాటలమ్మా అని. ఈ రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయంటే, తాతా మనవడూ ఒకే రోజు పుట్టినట్టు!"

బాబిన్ మెడమీద చెమట పట్టింది. మూడు రోజులూ మెదడు కాపలా కాసింది గానీ, బొటనవేలు దాని అలవాటు అది కానిచ్చేసింది.

"పైగా మీ తమ్ముడు, ఇంకో రూపాయి పోతుందని, రెండో మెసేజ్‌లోకి పోయే మనిషి కాదు. ఇది అర్జీ అంత పొడుగుంది" అంది పిన్ని.

పెద్దత్త కుర్చీలోంచి లేచింది. "అబద్ధం చెప్పనని రాసి మరీ అబద్ధం చెప్పావట్రా, వెధవా!" కాగితం నాలుగు ముక్కలైంది.

"తప్పే అత్తా. ఇది నేనే రాశాను" అన్నాడు బాబిన్. "కానీ బాబాయి నిజంగానే పంపాడు. నాతో చెప్పాడు. అది ఏమైందో నాకు తెలీదు."

"ఇంకా అదే పాటా? నోరు ముయ్యి. పోలీసుల్ని పిలవమన్నావా?"

"పోనీలే వదినా, పిల్లాడు" అంది పిన్ని మెత్తగా. "రేపు తొమ్మిదింటికి పనిలోకి రారా. రెండు మోటార్లు బిగించాలి."

"నీ మనసు నీకే ఉండాలమ్మా" అంది పెద్దత్త కళ్లు ఒత్తుకుంటూ.

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. పిన్ని చీపురు తీసుకుని కాగితం ముక్కలు ఊడ్చింది. పిచ్చి సన్నాసి, అంత పొడుగు రాశాడేంటి అనుకుంది. అసలు మెసేజ్‌లో ఉన్నవి నాలుగే ముక్కలు. షాపు నీది, పిన్నిని చూసుకో అని. పదహారేళ్ల కిందట, కౌంటరు మీద ఫోను పెట్టి వీడు మిషను దింపటానికి వెళ్లిన రెండు నిమిషాల్లో, చదివి చెరిపేసింది తనే.